ఎర్త్‌సీ: రెండో పుస్తకంలో గెడ్ ఏడీ? మిగతావి ఏ వరసలో చదవాలి?

రేవుగట్టు:

ఉర్సులా కె. లె గ్విన్ ఎర్త్‌సీ పుస్తకాల్లో మొదటిది, "ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ", పూర్తయింది. నీడని తరుముకుంటూ కుర్ర మాంత్రికుడు గెడ్, అతని స్నేహితుడు వెచ్ ఇద్దరూ తూర్పు సముద్రంలోకి పడవ నడిపే చివరి అధ్యాయం వెంటనే రెండోసారి కూడా చదివాను. అదే ఊపులో "ద టూంబ్స్ ఆఫ్ ఆటువాన్" తెరిస్తే మూడు అధ్యాయాలు అయిపోయినా గెడ్ జాడే లేదు. ఎడారిలో గుళ్ళు, చిన్నప్పుడే తెచ్చి పూజారిణిని చేసిన ఆర్హ అనే అమ్మాయి, నేల కింద చీకటి సొరంగాలు. పడవ లేదు, మంత్రం లేదు. పైగా మూడో అధ్యాయంలో ఆ ముగ్గురు ఖైదీల సంగతి చదివాక ఆర్హ మీద మనసు పోవడం కష్టంగా ఉంది.

గెడ్ అసలు ఈ పుస్తకంలో ఉన్నాడా? దీన్ని వదిలేసి మూడోదానికి వెళ్తే ఏం పోతుంది? మొత్తం ఆరు పుస్తకాలు, ఇంకా విడి కథలు ఉన్నాయని చూశాను. కథాకాలం ప్రకారం చదవాలంటే "టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ"లోని కొన్ని కథలు అన్నిటికంటే ముందు వస్తాయంటున్నారు. ఇంకొందరు మూడో పుస్తకంతో ఆపేయమంటున్నారు, నాలుగోది పూర్తిగా వేరే దారి పట్టిందట. తెలిసినవాళ్ళు చెప్పండి. మీకు బాగా ఇష్టమైన పాత్ర ఎవరో, ఎందుకో కూడా రాయండి. ముగింపులు మాత్రం ముందే చెప్పేయకండి, లేదా పైన హెచ్చరిక పెట్టండి.

తూర్పుగాలి:

ఆపకండి. గెడ్ ఐదో అధ్యాయంలో వస్తాడు. పుస్తకంలో ఉన్నవి 12 అధ్యాయాలు, కాబట్టి మీరు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నారు.

అంత ఆలస్యం ఎందుకో చెప్తాను. సమాధుల కింద ఉన్న ఆ పెద్ద గుహలో దీపం వెలిగించడం నిషేధం. ఆర్హ ఆ చోటికి యజమానురాలు, కానీ దాన్ని ఎప్పుడూ చూడలేదు. గోడలు చేత్తో తడుముకుంటూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. నాలుగు అధ్యాయాల పాటు రచయిత్రి మనల్ని కూడా ఆ చీకట్లోనే తడుముకోనిస్తుంది. ఐదో అధ్యాయంలో అక్కడ ఒక వెలుగు కనబడుతుంది. ఆ వెలుగులో గుహ గోడలు స్ఫటికాలతో, తెల్లటి సున్నపురాతి అల్లికలతో మెరుస్తుంటాయి. తన ఇల్లు ఇంత అందంగా ఉందని ఆర్హకి అప్పుడే తెలుస్తుంది, మనకీ అప్పుడే. వెలుగు పట్టుకున్నవాడు ఆమె లెక్కలో దొంగ. మనకి తెలిసిన మనిషిని, మనకంటే తక్కువ తెలిసిన కళ్ళతో చూడటం మొదలవుతుంది. మొదటి నాలుగు అధ్యాయాలు దాటేసి వచ్చినవాళ్ళకి అది మామూలు దీపమే.

ఖైదీల అధ్యాయం గురించి ఒక్కమాట. అది మీకు కష్టంగా ఉండాలనే రాసింది. ఆ ఆజ్ఞ ఇచ్చాక ఆర్హకి ఏమైందో నాలుగో అధ్యాయంలో చూడండి. ఒకసారి అలా చేసినమ్మాయి ముందుకి మళ్ళీ అలాంటి అవకాశమే వస్తే ఏం చేస్తుందన్నదే ఆ పుస్తకం.

ఇంకో లంకె మీరు చదివేసిన పుస్తకంలోనే ఉంది. "హంటింగ్" అనే ఎనిమిదో అధ్యాయం మళ్ళీ తీయండి. పడవ పగిలి గెడ్ ఒక ఇసుకతిన్నె మీద పడతాడు. అక్కడ ముసలి అన్నాచెల్లెళ్ళు ఉంటారు. ఆ ముసలావిడ అతని చేతిలో విరిగిన కడియం ముక్క లాంటిది ఒకటి పెడుతుంది. చాలామంది దాన్ని జాలికథగా చదివి దాటేస్తారు. రెండో పుస్తకం పుట్టింది ఆ ముక్కలోంచే.

ఇక వరస. అచ్చయిన వరసే సరైన వరస:

1968 – ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ
1971 – ద టూంబ్స్ ఆఫ్ ఆటువాన్
1972 – ద ఫార్దెస్ట్ షోర్
1990 – టెహాను
2001 – టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ (ఐదు కథలు)
2001 – ది అదర్ విండ్

కథాకాలం ప్రకారం చదివితే "టేల్స్"లోని మొదటి కథ "ద ఫైండర్" ముందుకి రావాలి. అది గెడ్ కాలానికి దాదాపు 300 ఏళ్ళ ముందు, రోక్ ద్వీపంలో మాంత్రికుల బడి ఎలా మొదలైందో చెప్పే కథ. దాన్ని ముందు చదివితే వచ్చే నష్టం ఏంటంటే, మొదటి పుస్తకంలో ఆడవాళ్ళ మంత్రం బలహీనమైనది, చెడ్డది అని గాంట్ ద్వీపంలో ఒక సామెత వస్తుంది. రోక్ బడిలో అందరూ మగవాళ్ళే. చదువుతూ మనం అదంతా ఆ లోకపు సహజ నియమంలా ఒప్పేసుకుంటాం. ఒప్పుకోవాలి కూడా. ఎందుకంటే తర్వాతి పుస్తకాలు ఒక్కోటీ వచ్చి ఆ నియమం ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడుగుతాయి. జవాబు ముందే తెలిస్తే ప్రశ్న పుట్టదు.

మూడుతో ఆపేయమనే వాళ్ళతో నేను ఏకీభవించను. మూడో పుస్తకం ముగింపు నిండుగానే ఉంటుంది, నిజమే. 18 ఏళ్ళు పాఠకులకి అదే ముగింపు. కానీ ఆ చివరి పేజీలో గెడ్ తర్వాత ఏమయ్యాడన్న దానికి రెండు కథనాలు ఉంటాయి. పాటల్లో ఒకలా చెప్తారు, గాంట్ మనుషులు ఇంకోలా చెప్తారు. అసలేం జరిగిందో "టెహాను" చెప్తుంది.

"టెహాను" దగ్గర జనం బెదిరిపోవడానికి కారణం అది మొదలయ్యే తీరు. ప్రయాణాలు లేవు, మంత్రయుద్ధాలు లేవు. ఒక పొలం, మేకలు, నడివయసు విధవరాలు, ఒళ్ళు కాలిన ఒక చిన్నపిల్ల. పైగా దాని మొదటి భాగం మూడో పుస్తకం ముగియకముందే జరుగుతుంటుంది. ఇది తెలియక "అదేంటి, గెడ్ ఎక్కడ?" అని మళ్ళీ ఇదే ప్రశ్నతో తికమకపడతారు. అది తెరిచే ముందు రెండో పుస్తకంలో చివరి రెండు అధ్యాయాలు, మూడోదాంట్లో చివరి రెండు మూడు పేజీలు తిరగేయండి, దారి దొరుకుతుంది. మూడో పుస్తకం అయిన మర్నాడే మాత్రం మొదలుపెట్టకండి. మధ్యలో ఇంకేదైనా వేరే పుస్తకం చదివి రండి. ఆ సాహసపు వేగం చెవుల్లో మోగుతుండగా ఈ నెమ్మది వినబడదు.

ఇష్టమైన పాత్ర గెడ్ మొదటి గురువు ఓగియన్. మొదటి పుస్తకం ఏడో అధ్యాయం చివర గెడ్ డేగ రూపంలోనే ఎన్నాళ్ళో ఎగిరి, మనిషితనం దాదాపు మరిచిపోయి, ఓగియన్ చేతిమీద వాలతాడు. ఓగియన్ గుర్తుపడతాడు. పేరు పెట్టింది తనే కదా. మనిషిని చేసి, అన్నం పెట్టి, పడుకోబెడతాడు. ఏం జరిగిందని ఒక్క ప్రశ్న అడగడు. మంత్రవిద్య అంటే ఎంత తక్కువ వాడాలో తెలియడం అని ఆ పుస్తకం అనేకచోట్ల చెప్తుంది, అక్కడ మాత్రం చేసి చూపిస్తుంది.

చిక్కుముడి:

పైన చెప్పిన వరసతో పేచీ లేదు. "టేల్స్" విషయంలో మాత్రం కొంచెం సడలించొచ్చు అంటాను. ఐదు కథల్నీ ఒకే చోట చదవాలని నియమం లేదు, ఒక్కోటీ దాని ముందు ఏ పుస్తకం చదివి ఉండాలో చూసుకుంటే చాలు.

"ద బోన్స్ ఆఫ్ ది ఎర్త్" మీరు ఇప్పుడే చదువుకోవచ్చు. ఓగియన్ భూకంపాన్ని ఆపాడని మొదటి పుస్తకంలో విన్నారు కదా, ఆ రోజు నిజంగా ఏం జరిగిందో, ఆ పని అసలు ఎవరు చేశారో చెప్పే కథ అది. ఓగియన్ అప్పటికి కుర్రాడు, అతని గురువు ముసలివాడు. ముందు పుస్తకాల రహస్యాలేవీ బయటపడవు. ఓగియన్ అంటే ఇష్టమున్నవాళ్ళు దీన్ని 2001 పుస్తకం దాకా ఆపుకోనక్కర్లేదు.

"డార్క్‌రోజ్ అండ్ డైమండ్" ప్రేమకథ, ఎక్కడైనా ఇముడుతుంది. "ఆన్ ద హై మార్ష్" మూడో పుస్తకం తర్వాత. గెడ్ ప్రధాన మాంత్రికుడిగా ఉన్న రోజుల్లో జరుగుతుంది. అతను అందులో ఉండేది కాసేపే. పశువుల జబ్బులు నయం చేస్తూ తిరిగే ఇరియోత్ అనే దెబ్బతిన్న మనిషి చుట్టూ కథ నడుస్తుంది. మూడో పుస్తకంలో అహంకారంతో దారితప్పిన మాంత్రికుడికి గెడ్ ఏం చేశాడో చూశాక, ఇక్కడ ఇంకో దారితప్పినవాడి దగ్గరికి ఎలా వచ్చాడో చూస్తే మనిషి పూర్తిగా కనబడతాడు. "ద ఫైండర్" మాత్రం "టెహాను" అయ్యాకే, అందులో తూర్పుగాలి గారి మాటే నాదీ.

"డ్రాగన్‌ఫ్లై" విషయంలో సడలింపు లేదు. అది "టెహాను"కీ "ది అదర్ విండ్"కీ మధ్య వంతెన, రచయిత్రి కూడా ముందుమాటలో అలాగే అంటుంది. ఇరియన్ అనే అమ్మాయి రోక్ బడి తలుపు తట్టే కథ. దాన్ని వదిలేసి ఆరో పుస్తకంలోకి దూకితే, ఇరియన్ ఎవరో, ఆమె రాక ఎందుకంత ముఖ్యమో తెలియదు. అలాగే తోరియన్ అనే పేరు మూడో పుస్తకంలో కనిపించగానే గుర్తుపెట్టుకోండి. రోక్‌లో తొమ్మిదిమంది గురువుల్లో ఒకడు, చనిపోయినవాళ్ళని పిలిచే విద్య అతనిది. అక్కడ రెండు మూడు చోట్లే వస్తాడు కాబట్టి మరిచిపోతారు. "డ్రాగన్‌ఫ్లై"లో భయమంతా అతని మీదే నిలబడి ఉంటుంది.

నాకు ఇష్టమైనవాడు ఆ బడి తలుపు కాసే గురువు. గెడ్ లోపలికి రావడానికి తన నిజమైన పేరు చెప్పాలి. బడి వదిలి వెళ్ళాలంటే ఆ గురువు పేరు కనుక్కోవాలి. గెడ్‌కి వచ్చిన విద్యలన్నీ తలుచుకుంటాడు. ఏ మంత్రమూ ఆయన మీద పనిచేయదని తెలుసు, కుయుక్తులూ పనిచేయవని తెలుసు. ఆఖరికి వెళ్ళి "మీ పేరేంటి?" అని అడుగుతాడు. ఆయన చెప్తాడు. అంతే. మొదటి పుస్తకంలో ఒక పేజీకి మించదు ఆ సంగతి. నీడ విషయంలో గెడ్ చివరికి ఏం చేయాలో ఆ పేజీలోనే చెప్పేశారని రెండోసారి చదివినప్పుడే తెలుస్తుంది. ఆయన "డ్రాగన్‌ఫ్లై"లో మళ్ళీ తలుపు దగ్గరే ఉంటాడు, అప్పుడు ఎవర్ని లోపలికి రానిస్తాడో చూడండి.

తూర్పుగాలి:

"బోన్స్ ఆఫ్ ది ఎర్త్" ముందు చదవచ్చన్నది ఒప్పుకుంటాను. మొత్తం పుస్తకాన్ని ముక్కలు చేయడం మాత్రం వద్దు, కనీసం మొదటిసారి. ఆ ఐదు కథలు అలా పేర్చడంలో ఒక నడక ఉంది. "ద ఫైండర్"లో బడిని నిలబెట్టినవాళ్ళలో ఆడవాళ్ళు ఉంటారు, "డ్రాగన్‌ఫ్లై"లో అదే బడి తలుపు దగ్గర ఒక ఆడపిల్లని రానివ్వాలా వద్దా అని గురువులు రెండుగా చీలిపోతారు. మొదటి కథ చదివిన వారంలోనే ఆఖరి కథ చదివితే ఆ మంట తగులుతుంది. మధ్యలో ఏడాది గడిస్తే రెండూ విడివిడి మంచి కథలుగా మిగులుతాయి.

గుహదీపం:

రెండో పుస్తకం అయ్యేదాకా రేవుగట్టు గారు ఈ జవాబు చదవొద్దు.

ఓగియన్, గురువులు అందరూ బాగానే ఉన్నారు, ఈ ఆరు పుస్తకాల్లో మొదటి నుంచి చివరిదాకా ఎదిగే మనిషి టెనార్. మిగతావాళ్ళు గొప్పవాళ్ళవుతారు. టెనార్ ప్రతిసారీ తనని ఎవరో చేసిన మనిషిలోంచి బయటికొచ్చి ఇంకొకరవుతుంది.

పేర్ల లెక్క చూడండి. పుట్టినప్పుడు టెనార్. ఆరేళ్ళప్పుడు ఆ పేరు తీసేసి ఆర్హ చేస్తారు, అంటే మింగబడినది అని. గాంట్‌లో ఊళ్ళోవాళ్ళు గోహా అంటారు, గూడు అల్లే చిన్న తెల్ల సాలీడు పేరు అది. మొదటి పేరు అమ్మ ఇచ్చింది, రెండోది గుడి ఇచ్చింది, మూడోది పెళ్ళి తెచ్చింది. ఎర్త్‌సీలో పేరు తెలిసినవాడికి మనిషి మీద అధికారం ఉంటుందని మొదటి పుస్తకం చెప్తే, ఒకరి పేరు వాళ్ళకి తిరిగి ఇవ్వడం అంటే ఏంటో రెండోది చూపిస్తుంది. చిక్కుదారిలో ఆమె చేతిలో బందీగా ఉన్న గెడ్ ఆమెని ఆ పేరుతో పిలుస్తాడు. అతని దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు. ఆ ఒక్క మాటతో సమాధులు కూలడం మొదలవుతుంది, నేల కంపించేది తర్వాత.

విడుదల తేలికని కూడా రచయిత్రి అనదు. బయటపడ్డాక టెనార్ సంతోషంతో గంతులేయదు. స్వేచ్ఛ బరువని, అదొక పనని ఆమెకి అర్థమవుతుంది, ఏడుస్తుంది. ఒక క్షణం గెడ్‌ని కత్తితో పొడవాలన్నంత కోపం కూడా వస్తుంది. చాలామంది పాఠకులు ఆ చోట చిరాకుపడతారు, కాపాడినవాడి మీద ఇదేంటని. అన్నేళ్ళు తెలిసిన దేవతలు, చీకటి, అధికారం అన్నీ ఒక్కరోజులో పోయిన మనిషి ఇంకెలా ఉంటుంది?

మూడో పుస్తకంలో టెనార్ దాదాపు లేదు. అది పెద్ద లోటు. "టెహాను" ఆ లోటు తీర్చడానికే ఉందని చదివితే, జనం అనే ఆ దారితప్పడం మాయమవుతుంది. అదే మొదటి నుంచీ ఉన్న దారి, మధ్యలో ఒక పుస్తకం పాటు కనబడలేదు. 1990 నవలకి, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే నెబ్యులా పురస్కారం వచ్చింది, అయినా ఇప్పటికీ దాన్ని వదిలేయమని చెప్పేవాళ్ళు ఉండటం బాధగా ఉంటుంది.

పటంమడత:

మీ దగ్గర ఉన్నది 2018లో వచ్చిన, చార్ల్స్ వెస్ బొమ్మలేసిన ఒకే పెద్ద సంపుటం అయితే, అందులో నవలలన్నీ సరైన వరసలోనే ఉంటాయి, విడి కథలు చివర్లో ఉంటాయి. విడి కథలు నాలుగు.

1964లో వచ్చిన "ద వర్డ్ ఆఫ్ అన్‌బైండింగ్", "ద రూల్ ఆఫ్ నేమ్స్" మొదటి నవల కంటే ముందు రాసినవి. అందుకని ముందు చదవాలనిపిస్తుంది, వద్దు. ఆ లోకం అప్పటికి గట్టిపడలేదు. మొదటిదాంట్లో ట్రోల్స్ ఉంటాయి, తర్వాత ఏ పుస్తకంలోనూ వాటి ఊసే ఉండదు. కానీ చచ్చినవాళ్ళ చీకటి దేశం మొదట కనిపించింది అందులోనే, కాబట్టి "ఫార్దెస్ట్ షోర్" తర్వాత చదివితే విత్తనం చూసినట్టు ఉంటుంది. "రూల్ ఆఫ్ నేమ్స్" మీరు ఇప్పుడే చదవచ్చు. పెండోర్ ద్వీపంలో గెడ్ పేరుపెట్టి కట్టడి చేసిన యెవాడ్ గుర్తున్నాడు కదా? ఆ డ్రాగన్ అంతకుముందు ఎక్కడ, ఏ వేషంలో ఉన్నాడో ఈ కథ. మొదటి నవల ఐదో అధ్యాయం తెలిసినవాళ్ళకి మొదటి పేజీ నుంచే నవ్వు మొదలవుతుంది.

"ద డాటర్ ఆఫ్ ఓడ్రెన్" 2014లో వచ్చిన విడి కథ, పగ గురించి, చీకటిగా ఉంటుంది. "ఫైర్‌లైట్" 2018లో, రచయిత్రి చనిపోయిన ఏడాదిలోనే వచ్చింది. అది అన్నిటికంటే ఆఖర్న చదవాలి, ఆరో నవల కూడా అయ్యాక. చిన్న కథ. తెరిచే ముందు పడవ పేరు గుర్తుచేసుకోండి, లుక్‌ఫార్.

కొనేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. "టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ" అనే పేరుతోనే 2006 నాటి జిబ్లీ స్టూడియో యానిమేషన్ సినిమా కూడా ఉంది. దాని కథ ఆ కథల పుస్తకంలోది కాదు, ఎక్కువగా మూడో, నాలుగో నవలల్లోంచి తీసుకుని కలిపింది. "టెహాను" చివర్లో తెలియాల్సిన సంగతి ఒకటి అందులో చూపించేస్తారు. నాలుగు పుస్తకాలూ అయ్యేదాకా దాని జోలికి పోకండి. 2004 టీవీ సిరీస్ మొదటి రెండు పుస్తకాల్ని కలిపింది. దాని గురించి రచయిత్రే బహిరంగంగా అభ్యంతరం చెప్పింది, ముఖ్యంగా ఒంటిరంగు విషయంలో. పుస్తకంలో గెడ్ ఎర్రటి చామనఛాయ మనిషి, వెచ్ బాగా నల్లటివాడు, తెల్లగా ఉండేది కార్గ్ దేశస్థులు, అంటే టెనార్ వాళ్ళు. పాత అట్టబొమ్మలు చాలావాటిల్లో గెడ్‌ని తెల్లగా వేశారు. అట్ట చూసి మనసులో బొమ్మ గీసుకున్నవాళ్ళకి రెండో పుస్తకంలో టెనార్ అతన్ని పరాయి రంగువాడిగా చూడటం అర్థం కాదు.

పటం పక్కన పెట్టుకుని చదవండి. గాంట్ ఈశాన్యంలో, రోక్ నడిమి సముద్రంలో, ఆటువాన్ అవతల కార్గ్ ద్వీపాల్లో. మొదటి పుస్తకం పటం తూర్పు అంచు దాటి ముగుస్తుంది. మూడోది పడమటి కొసన సెలిడోర్‌కి పోతుంది. రెండోది మాత్రం ఒకే చోట, నేల కిందికి పోతుంది.

మూడో పుస్తకంలో ఒక చోట జాగ్రత్త. లోర్బనెరీ ద్వీపం దగ్గర్నుంచి కథ చప్పబడినట్టు, గెడ్‌కి దారే తెలియనట్టు ఉంటుంది, కుర్రాడు ఆరెన్ అతని మీద నమ్మకం పోగొట్టుకుంటాడు. చాలామంది అక్కడే పుస్తకం పక్కన పెడతారు. ఆ లోకానికి పట్టిన జబ్బు అదే. రంగులద్దేవాళ్ళు రంగులు మరిచిపోతారు, పాడేవాళ్ళు పాటలు మరిచిపోతారు, ఏ పనికీ అర్థం లేదనిపిస్తుంది. ఆరెన్‌కి కూడా అది సోకింది. మనం అతని కళ్ళతోనే చూస్తున్నాం కాబట్టి గెడ్ మనకీ చేతకానివాడిలా కనిపిస్తాడు. తెప్పల మీద బతికే సముద్రపు మనుషుల దగ్గరికి చేరేదాకా ఓపిక పట్టండి.

ఇష్టమైనవాళ్ళు ఎవరంటే యారో. వెచ్ చెల్లెలు, మొదటి పుస్తకం తొమ్మిదో అధ్యాయం. మణికట్టు మీద బుల్లి డ్రాగన్‌ని తిప్పుకుంటూ, మీ మంత్రంతో తిండి పుట్టించుకోవచ్చు కదా, ఈ రొట్టెలు మోసుకెళ్ళడం దేనికి అని గెడ్‌ని నిలదీస్తుంది. మంత్రపు తిండి ఎందుకు ఆకలి తీర్చదో గెడ్ ఆమెకి వివరించాల్సొస్తుంది. ఆ లోకపు మంత్రశాస్త్రమంతటికీ అంత సులువైన పాఠం రోక్ గురువులు కూడా చెప్పలేదు. చావుకి ఎదురుపోయే ముందు రాత్రులు అవి, ఆ వంటింట్లో గెడ్ నవ్వుతాడు.

రేవుగట్టు:

అందరికీ ధన్యవాదాలు. గుహదీపం గారి జవాబు దాటేశాను, రెండోది అయ్యాక చూస్తాను. ఎనిమిదో అధ్యాయంలో ఆ ముక్క సంగతి తీసి చూశాను. ముసలావిడ దాంతోపాటు తన చిన్నప్పటి ముత్యాల గౌను తెచ్చి చూపించడం కూడా ఉంది, దాని మీద ఏదో గుర్తు కుట్టి ఉంది. అది కూడా పనికొస్తుందా?

ఇంకో రెండు సందేహాలు. పన్నెండేళ్ళ పిల్లలకి ఇవి ఇవ్వచ్చా, ఎన్నోదాని వరకు? ఒక్కో మనిషికి రెండు మూడు పేర్లు ఉండటంతో తికమకగా ఉంది, దానికేమైనా ఉపాయం?

తూర్పుగాలి:

గౌను మీది గుర్తు పనికొస్తుంది, అంతకంటే చెప్పను.

పిల్లలకి మొదటి మూడూ నిశ్చింతగా ఇవ్వచ్చు, అవి ఆ వయసువాళ్ళ కోసమే వచ్చాయి. మొదటిదాంట్లో గెడ్ పెంచుకునే చిన్న జంతువు ఆటక్ చనిపోయే చోటు చిన్నవాళ్ళని బాధపెడుతుంది, పక్కన ఎవరైనా ఉంటే మంచిది. మూడోదాంట్లో బానిసల ఓడ, మత్తుకి అలవాటుపడిన మాంత్రికుడు ఉంటారు, అయినా పర్వాలేదు. "టెహాను" మాత్రం కాస్త పెద్దయ్యాకే. ఆ చిన్నపిల్లని కాల్చింది ఆమె సొంతవాళ్ళే. వాళ్ళు మళ్ళీ వెతుక్కుంటూ వస్తారు. అందులో భయపెట్టేది డ్రాగన్లు కాదు, గడప బయట నిలబడ్డ మామూలు మగవాళ్ళు.

చిక్కుముడి:

పేర్లకి ఉపాయం ఉంది. ఒక్కొక్కరికీ వాడుక పేరు ఒకటి, నిజమైన పేరు ఒకటి. వాడుక పేర్లు ఎక్కువగా మామూలు ఇంగ్లీషు మాటలు, పిట్టలు, చెట్లు, వస్తువులు: స్పారోహాక్, వెచ్, యారో, ఆల్డర్. నిజమైన పేర్లు అర్థం తెలియని పాత భాషవి: గెడ్ (స్పారోహాక్), ఎస్టారియోల్ (వెచ్). ఈ తేడా పట్టుకుంటే ఏది ఏదో చూడగానే తెలుస్తుంది. కార్గ్ దేశంలో ఈ పద్ధతి లేదు, టెనార్ అన్నది మొదటి నుంచీ అందరికీ తెలిసిన పేరే.

అట్ట లోపలివైపు చిన్న చీటీ అంటించి, ఎడమవైపు వాడుక పేరు, కుడివైపు నిజమైన పేరు రాసుకోండి. మూడో గడి కూడా గీయండి: ఆ నిజమైన పేరు ఎవరికి, ఎప్పుడు చెప్పారో. వెచ్ తన పేరు గెడ్‌కి ఎప్పుడు చెప్పాడో మొదటి పుస్తకం నాలుగో అధ్యాయం చివర చూసి అక్కడ రాయండి. గెడ్ మొహం మీద మచ్చలతో, మాట తడబడుతూ, బడిలో అందరికంటే వెనకబడి, తన మీద తనకే నమ్మకం లేని రోజు అది. వెచ్ సెలవు తీసుకుని వెళ్ళిపోతూ, గెడ్ అడక్కుండానే చెప్తాడు.